‘ఇన్‌సెంటియంట్’ అన్న మాటను ఎక్కడ వాడాలి, తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: అనువాద విద్యార్థిని

అందరికీ నమస్కారం. సాంఖ్య దర్శనం మీద ఇంగ్లీషులో ఉన్న ఒక వ్యాసాన్ని తెలుగులోకి తెస్తున్నాను. అందులో ‘ఇన్‌సెంటియంట్’ అన్న మాట అడుగడుగునా వస్తోంది. మట్టికుండ ఇన్‌సెంటియంట్ అని ఒక చోట, మూలప్రకృతి ఇన్‌సెంటియంట్ అని మరో చోట, బుద్ధి, అహంకారం, మనస్సు కూడా ఇన్‌సెంటియంటేనని ఇంకో చోట వ్యాసకర్త రాశారు. నా దగ్గర ఉన్న నిఘంటువులు ఈ మాటకు స్పృహ లేని, జడమైన, చైతన్యరహితమైన, అనుభూతి లేని అని నాలుగు అర్థాలు వరసగా ఇచ్చి ఊరుకున్నాయి గాని, వాటిలో ఏది ఎక్కడ పొసగుతుందో చెప్పలేదు.

‘ప్రకృతి స్పృహ లేనిది’ అని రాస్తే, ఎవరైనా ముఖాన నీళ్లు చల్లితే అది లేచి కూర్చుంటుందేమో అన్నట్టు ధ్వనిస్తోంది. ‘ప్రకృతి జడమైనది’ అంటే కదలిక లేనిదన్న భావం వస్తుందేమోనని సందేహం, ఎందుకంటే సాంఖ్యుల ప్రకృతి నిరంతరం పరిణమిస్తూ ఉండేదే. ఇక ‘మనస్సు జడమైనది’ అన్న వాక్యాన్ని మామూలు పాఠకుడు ఎలా జీర్ణించుకుంటాడో నాకు తోచడం లేదు.

అందుకని పెద్దలను అడుగుతున్నాను. ఇంగ్లీషులో ‘ఇన్‌సెంటియంట్’కూ ‘అన్‌కాన్షస్’కూ భేదం ఎక్కడ ఉంది? ఆసుపత్రిలో తెలివి లేకుండా పడి ఉన్న మనిషిని ఇన్‌సెంటియంట్ అనవచ్చునా? మనస్సును కూడా ఆ మాటతో పిలవడం ఇంగ్లీషు పరంగా సరైన ప్రయోగమేనా, లేక సంస్కృతాన్ని ఇంగ్లీషులోకి దించేటప్పుడు పుట్టిన కృత్రిమ ప్రయోగమా?


సమాధానం: విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుడు

అమ్మా, ముందు ఇంగ్లీషు సంగతి వరకు చెబుతాను, దర్శనాల మాట తెలిసినవారు చెబుతారు.

ఈ పదానికి మూలం లాటిన్‌లో ‘అనుభూతి పొందు’ అన్న అర్థం ఉన్న ‘సెంటీరె’ అనే ధాతువు. సెన్స్, సెన్సేషన్, సెంటిమెంట్, కన్సెంట్, రిజెంట్ అన్నీ ఆ చెట్టు కొమ్మలే. సెంటియంట్ అంటే బాధ, హాయి, వేడి, చలి వంటివి అనుభవించే శక్తి ఉన్నది. ముందు ‘ఇన్’ చేరితే ఆ శక్తి లేనిది. ‘అన్‌కాన్షస్’ వేరే ఇంటిది. ‘తెలుసుకొను’ అన్న అర్థం గల ‘స్కీరె’ అనే లాటిన్ ధాతువు నుంచి వచ్చింది. సైన్సు, కాన్షెన్సు దానికి చుట్టాలు.

మూలాలకంటె ముఖ్యమైన భేదం ప్రయోగంలో ఉంది. అన్‌కాన్షస్ ఒక స్థితిని చెబుతుంది, ఇన్‌సెంటియంట్ ఒక స్వభావాన్ని చెబుతుంది. మామూలుగా మెలకువగా ఉండే ప్రాణి, దెబ్బ తగిలో మత్తుమందు ఎక్కో, ఆ సమయానికి తెలివి కోల్పోతే దాన్ని అన్‌కాన్షస్ అంటారు. ఇన్‌సెంటియంట్ అన్నదానికి ఏనాడూ ఆ తెలివి లేదు, అది దాని జాతిలోనే లేదు. రాయి ఇన్‌సెంటియంట్. రాయిని అన్‌కాన్షస్ అంటే వ్యాకరణం తప్పు కాదు గాని, కవిత్వంలో తప్ప వినడానికి బాగుండదు. అలాగే తలకు దెబ్బ తగిలి పడిపోయిన మనిషిని ఇన్‌సెంటియంట్ అంటే, అతణ్ణి రాళ్ల వరసలో నిలబెట్టినట్టవుతుంది. మీ రెండో ప్రశ్నకు ఇదే నా జవాబు: అనకూడదు.

అన్‌కాన్షస్‌కు మరికొన్ని వాడుకలున్నాయి, అవి ఇన్‌సెంటియంట్‌కు లేవు. ‘అన్‌కాన్షస్ ఆఫ్ ది డేంజర్’ అంటే ప్రమాదాన్ని ఎరగక అని మాత్రమే అర్థం, ఆ మనిషి నిక్షేపంగా మేలుకొని నడుస్తూనే ఉంటాడు. ‘అన్‌కాన్షస్ బయాస్’ అంటే తనకే తెలియని పక్షపాతం. ఫ్రాయిడ్ తరువాత ‘ది అన్‌కాన్షస్’ అని నామవాచకంగా కూడా స్థిరపడింది, దానికి మనవాళ్లు అచేతనం అని రాస్తున్నారు. ఇది మీరు జాగ్రత్తగా గమనించవలసిన చోటు, ఎందుకంటే మీ వ్యాసంలో ఇన్‌సెంటియంట్‌కు అచేతనం అని రాస్తే, మనస్తత్వ శాస్త్రం చదివిన పాఠకుడు దాన్ని ఫ్రాయిడ్ మాటగా పొరబడే అవకాశం ఉంది.

ఇరుగుపొరుగు మాటలు మరికొన్ని ఉన్నాయి. ‘ఇన్‌సెన్సిబుల్’ పాత ఇంగ్లీషు గ్రంథాలలో స్పృహ తప్పిన మనిషికి వాడేవారు, ఇప్పుడు అది ఎక్కువగా ‘పట్టించుకోని, చలించని’ అన్న అర్థంలో కనిపిస్తుంది. ‘సెన్స్‌లెస్’ రెండు విధాలా పోతుంది: కొట్టి తెలివి తప్పించడం ఒకటి, అర్థం పర్థం లేని హింస రెండోది. ‘ఇన్‌సెన్సేట్’ అంటే స్పర్శ లేనిదీ కావచ్చు, దయాదాక్షిణ్యాలు లేనిదీ కావచ్చు. ‘ఇన్‌సెన్సేట్ రేజ్’ అంటే వివేకం కోల్పోయిన కోపం. వీటన్నిటికీ ఎక్కడో ఒక తిట్టు వాసన అంటుకొని ఉంది. ఇన్‌సెంటియంట్‌కు ఆ వాసన లేదు. మనిషిని తిట్టడానికి దాన్ని వాడరు. ‘ఇన్‌ఆనిమేట్’ మాత్రం ప్రాణం లేనిదని చెబుతుంది. మొక్కను ఇన్‌ఆనిమేట్ అనడానికి జీవశాస్త్రజ్ఞుడు ఒప్పుకోడు, ఇన్‌సెంటియంట్ అనడానికి మాత్రం చాలామంది శాస్త్రజ్ఞులకు అభ్యంతరం ఉండదు. ప్రాణం వేరు, అనుభూతి వేరు అన్న విభజన ఆ రెండు మాటల మధ్య స్పష్టంగా ఉంది.

ఉచ్చారణ గురించి ఒక మాట. ఒత్తు ‘సెన్’ మీద పడాలి. ఇన్‌సెన్షంట్, ఇన్‌సెన్షియంట్, ఇన్‌సెంటియంట్ అన్న మూడు పలుకుబడులూ వినిపిస్తాయి. సంభాషణలో వాడే మాట కాదు ఇది, గ్రంథాలలోనూ వేదికల మీదా వినిపించేదే. విజ్ఞాన శాస్త్ర రచనల్లో దీనికి బదులు ‘నాన్‌సెంటియంట్’ అని రాయడం పెరిగింది.


సమాధానం: దర్శనాల పాఠకుడు

మాస్టారు చెప్పిన స్వభావం, స్థితి అన్న విభజన చాలా ఉపకరిస్తుంది. అయితే, ఇన్‌సెంటియంట్ అంటే ‘అనుభూతి లేనిది’ అన్న ఇంగ్లీషు అర్థాన్ని పట్టుకొని సాంఖ్యంలోకి వెళితే దారి తప్పుతాం. అక్కడ ఆ ఇంగ్లీషు మాట ‘అచేతనం’ అన్న సంస్కృత పదానికి నిలబడిన ప్రతినిధి మాత్రమే, దాని హద్దులు వేరు.

సాంఖ్యానికి ఆధారగ్రంథమైన ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారికలలో 11వ కారిక, అంటే 11వ శ్లోకం, వ్యక్తానికీ (మూలప్రకృతి నుంచి పుట్టినవాటికీ) ప్రధానానికీ (ఆ మూలప్రకృతికీ) ఉమ్మడి లక్షణాలను ఏకరువు పెడుతుంది: ‘త్రిగుణమవివేకి విషయః సామాన్యమచేతనం ప్రసవధర్మి’. ఇక్కడ అచేతనం అన్న మాట పక్కనే ప్రసవధర్మి అన్న మాట కూర్చుని ఉంది. అంటే చైతన్యం లేనిదే, కానీ నిత్యం మరొకదాన్ని కంటూ, మార్పు చెందుతూ ఉండేది. కనుక మీరు సందేహించినట్టు జడం అంటే కదలనిది అన్న వాడుక భావం ఇక్కడ చెల్లదు. నది పారుతుంది, గాలి వీస్తుంది, అయినా రెండూ జడాలే. కదలిక చైతన్యానికి గుర్తు కాదు.

వ్యక్తం అన్నదానిలో ఏమేమి చేరతాయో చూస్తే మీ మూడో ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. మహత్తు లేక బుద్ధి, అహంకారం, మనస్సు, జ్ఞానేంద్రియాలు, కర్మేంద్రియాలు, తన్మాత్రలు అనే సూక్ష్మభూతాలు, మహాభూతాలు, ఇవన్నీ ప్రకృతి పరిణామాలే. కుండ ఏ వరసలో ఉందో మనస్సూ ఆ వరసలోనే ఉంది, సూక్ష్మత్వంలో మాత్రమే తేడా. చైతన్యం పురుషుడి సొత్తు, పురుషుడంటే ఇక్కడ సాక్షిగా ఉండే ఆత్మ. ఆలోచన, నిశ్చయం, ‘నేను’ అన్న అభిమానం, సుఖదుఃఖాల రూపాలు, ఇవన్నీ అంతఃకరణంలో జరిగే మార్పులు. వాటిని వెలిగించి చూసేవాడు వేరే ఉన్నాడు. 20వ కారిక ఈ సంగతిని మొదటి సగంలోనే చెప్పింది: ‘తస్మాత్ తత్సంయోగాదచేతనం చేతనావదివ లింగమ్’. పురుష సంయోగం వల్ల అచేతనమైన లింగశరీరం, అంటే బుద్ధి మొదలైనవాటితో కూడిన సూక్ష్మదేహం, చేతనం కలదానివలె కనిపిస్తుంది. ఆ ‘ఇవ’ అన్న చిన్న మాటలోనే సాంఖ్యం అంతా ఉందని నాకనిపిస్తుంది.

ఇప్పుడు ఇంగ్లీషు పాఠకుడి పక్షాన ఆలోచించండి. అతడి సంప్రదాయంలో, ముఖ్యంగా 17వ శతాబ్దంలో ఫ్రెంచి తత్త్వవేత్త డేకార్ట్ గీసిన గీత ప్రకారం, ఒక వైపు దేహం, మరో వైపు మనస్సు. ఆలోచించేదంతా మనస్సు వైపుకే పోతుంది, తెలివి అక్కడే ఉంటుంది. సాంఖ్యులు అదే గీతను మనస్సుకు ఆవల గీశారు. అందుకే ‘ఇన్‌సెంటియంట్ మైండ్’ అన్న ప్రయోగం ఇంగ్లీషు చెవికి పరస్పర విరుద్ధంగా వినిపిస్తుంది. అది కృత్రిమమా అని మీరు అడిగారు. మాట వాడుక పరంగా వింతే, భావం పరంగా అవసరమే. ఆ వింతను అనువాదంలో నునుపు చేయకండి. పాఠకుడు అక్కడ ఒక క్షణం తడబడితేనే ఆ దర్శనం చెబుతున్న అసలు సంగతి అతడికి తగులుతుంది.

పాత అనువాదకులు ఈ అచేతనానికి వేరే మాట వాడేవారు. జార్జ్ థీబో బ్రహ్మసూత్ర శాంకరభాష్యాన్ని ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు, దాని మొదటి సంపుటం 1890లో వచ్చింది, ప్రధానాన్ని ‘నాన్‌ఇంటెలిజెంట్’ అన్నాడు. ఆ రోజుల్లో దానికి ఇబ్బంది లేకపోయింది. ఈనాడు చదరంగంలో మేటి ఆటగాళ్లను ఓడించే యంత్రాన్ని ఇంటెలిజెంట్ అంటూనే దానికి చైతన్యం లేదంటున్నాం కనుక, ఆ పాత మాట తప్పుదారి పట్టిస్తుంది. తరువాతి వేదాంత అనువాదాలలో ఇన్‌సెంటియంట్ స్థిరపడడం మంచిదే అయింది.

ఆ భాష్యంలోనే మీకు పనికివచ్చే ఒక వాదం ఉంది. తెలివి లేని ప్రకృతి పురుషుడి మోక్షం కోసం ఎలా ప్రవర్తిస్తుందని అడిగితే, దూడను పెంచడం కోసం తెలియని పాలు తమంతట తాము స్రవించినట్టే అని 57వ కారిక జవాబిచ్చింది: ‘వత్సవివృద్ధినిమిత్తం క్షీరస్య యథా ప్రవృత్తిరజ్ఞస్య’. ఈ ఉదాహరణను బ్రహ్మసూత్రాల కర్త బాదరాయణుడు ‘పయోఽమ్బువచ్చేత్ తత్రాపి’ అన్న సూత్రంలో ఎత్తుకున్నాడు. దాని మీద శంకరులు చెప్పినది వినడానికి హాయిగా ఉంటుంది. పాలు వాటంతట అవి చేపుకు రావడం లేదు, అక్కడ చేతనమైన ఆవు ఉంది, దూడ మీద దానికి ప్రేమ ఉంది, పైగా దూడ పొదుగును చీకుతోంది, వీటి వల్ల పాలు వస్తున్నాయి అంటారాయన. పాలు పితికే ఇంట పుట్టిన ఎవరికైనా, దూడను విడవనిదే ఆవు చేపదన్న సంగతి తెలిసినదే. గమనించండి, కారికలో ఆ పాలకు వాడిన విశేషణం అచేతనం కాదు, అజ్ఞం. ఇంగ్లీషు అనువాదకులు తరచు రెండింటినీ ఇన్‌సెంటియంట్ అనే రాశారు. మీ వ్యాసకర్త కూడా అలా చేసి ఉంటే, ఆ ఒక్క చోట ‘ఎరుక లేని పాలు’ అంటే సొగసుగా ఉంటుంది.

జడం, అచేతనం అన్నవి సర్వత్రా పర్యాయపదాలు కావని కూడా చెప్పాలి. సాంఖ్యంలోనూ అద్వైతంలోనూ రెండూ ఒకటే అనుకుని రాసినా పెద్ద ప్రమాదం లేదు. విశిష్టాద్వైతంలో ఉంది. అక్కడ చిత్తు (జీవుడు), అచిత్తు (చైతన్యం లేనిది), ఈశ్వరుడు అన్న తత్త్వత్రయంలోని అచిత్తుకు ఇన్‌సెంటియంట్ అని రాస్తారు. అయితే ఆ సంప్రదాయంలో శుద్ధసత్త్వం, అంటే రజస్తమస్సులు లేని దివ్యద్రవ్యం, అచేతనమే గాని జడం కాదు, అది స్వయంప్రకాశం కనుక అజడం. ధర్మభూతజ్ఞానం, అంటే ఆత్మకు గుణంగా ఉండే జ్ఞానం, కూడా అజడమే. తనను తాను వెలిగించుకోవడం వేరు, తనకు తాను తెలియడం వేరు అన్న సూక్ష్మం అది. ఒక దర్శనానికి కుదిరిన అనువాదం మరో దర్శనానికి అలాగే కుదురుతుందని అనుకోవద్దు.


సమాధానం: మత్తు వైద్యురాలు

ఆసుపత్రి ప్రస్తావన వచ్చింది కనుక నా వృత్తి వైపు నుంచి కొంత చెబుతాను.

మేము కేసు షీటులో ఇన్‌సెంటియంట్ అన్న మాటను రాయము. అన్‌కాన్షస్ అని రాస్తాము, అదీ చాలదు కనుక అంకెల్లో చెబుతాము. 1974లో గ్రాహం టీస్‌డేల్, బ్రయన్ జెనెట్ అన్న ఇద్దరు నాడీ శస్త్రవైద్యులు గ్లాస్గోలో ఒక కొలమానాన్ని తయారుచేశారు. కళ్లు తెరవడానికి నాలుగు, మాటకు అయిదు, కదలికకు ఆరు, మొత్తం గరిష్ఠంగా 15. ఏ స్పందనా లేకపోయినా ఒక్కొక్కదానికి ఒకటి చొప్పున మూడు వస్తుంది, అంతకన్న తక్కువ ఉండదు. ఎనిమిదీ అంతకు తక్కువా ఉంటే సాధారణంగా కోమాగా పరిగణిస్తాము. దీన్ని చెప్పడంలో నా ఉద్దేశం ఒకటే: అన్‌కాన్షస్ అన్నది మెట్లు ఉన్న మాట, ఎక్కడమూ దిగడమూ ఉన్న మాట. ఇన్‌సెంటియంట్‌కు మెట్లు లేవు.

‘ఇన్‌సెన్సేట్’ను మాత్రం మేము రోజూ వాడుతాము, అదీ ఏ తిట్టు వాసనా లేకుండా. మధుమేహం వల్ల నరాలు దెబ్బతిని స్పర్శ కోల్పోయిన పాదాన్ని ‘ఇన్‌సెన్సేట్ ఫుట్’ అంటాము. ఒక సన్నని నైలాను తీగతో, అది 10 గ్రాముల ఒత్తిడి దగ్గర వంగేలా ఉంటుంది, అరికాలిని తాకి పరీక్షిస్తాము. ఆ మనిషి నిండు తెలివితో మాతో మాట్లాడుతూనే ఉంటాడు, పాదానికి మాత్రం ముల్లు గుచ్చుకున్నా తెలియదు. వెన్నుకు మత్తు ఇచ్చి చేసే సిజేరియన్‌లో కూడా అంతే, తల్లి బిడ్డ ఏడుపు వింటుంది, కోత నొప్పి ఆమెకు తెలియదు. కాబట్టి స్పృహ, స్పర్శ అన్నవి ఒకటి ఉండి మరొకటి లేకుండా ఉండగలవు. అనువాదంలో రెండింటినీ ‘తెలియకపోవడం’ కిందికి నెట్టేస్తే ఈ తేడా పోతుంది. అనస్తీషియా అన్న మాట కూడా గ్రీకులో అసలు స్పర్శ లేకపోవడమే. 1846లో బోస్టన్‌లో ఈథర్‌తో శస్త్రచికిత్స చేసి చూపిన తరువాత ఆ మాట ఈ అర్థంలో స్థిరపడింది. మన హైదరాబాదులో నిజాం ప్రభుత్వ ఆసరాతో ఎడ్వర్డ్ లారీ 1888, 1889లలో నడిపిన క్లోరోఫాం కమిషన్ల కాలం నాటికి ఇంగ్లీషు వైద్యులు స్పృహ తప్పినవారిని ‘ఇన్‌సెన్సిబుల్’ అనేవారు, మాస్టారు చెప్పిన పాత వాడుక అదే.

ఇక రోగిని ఇన్‌సెంటియంట్ అనరాదన్న మాటకు మరో బలమైన కారణం ఉంది. కళ్లు తెరిచి, నిద్రా మెలకువల చక్రం ఉండి, ఎరుక ఉన్న ఏ గుర్తూ కనిపించని స్థితికి 1972లో జెనెట్, ప్లమ్ ‘పర్సిస్టెంట్ వెజిటేటివ్ స్టేట్’ అని పేరు పెట్టారు. 2011లో ముంబయి నర్సు అరుణా షాన్‌బాగ్ కేసులో మన సుప్రీంకోర్టు చర్చించినది ఈ స్థితినే. 2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం అటువంటి స్థితిలో ఉన్నదని నిర్ధారించిన ఒక యువతిని స్కానింగ్ యంత్రంలో ఉంచి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమని చెప్పింది. ఆరోగ్యవంతుల మెదడులో ఏ భాగం పనిచేస్తుందో ఆమె మెదడులోనూ ఆ భాగమే పనిచేసింది. బయటికి ఏమీ తెలియని మనిషిలా కనిపించినంత మాత్రాన లోపల ఎవరూ లేరని రాసేయకూడదు.

రోగుల బంధువులు మాత్రం ఎంత కచ్చితంగా మాట్లాడతారో! తెలివి తప్పింది, సొమ్మసిల్లింది, ఒంటి మీద స్పృహ లేదు, పిలిస్తే పలకడం లేదు, ఒక్కొక్కటీ ఒక్కొక్క మెట్టు. ‘తెలివి వచ్చిందా డాక్టరు గారూ’ అని వారు అడిగినప్పుడు, బుద్ధికీ స్పృహకూ తెలుగు ఒకే మాట పెట్టుకుందన్న సంగతి గుర్తుకొస్తుంది. థీబో గారి ‘నాన్‌ఇంటెలిజెంట్’కు తెలుగులో దొరికే జోడీ ఈ ‘తెలివి లేని’ అన్నదే, దానికి ఉన్న చిక్కూ అదే. మీ వ్యాసంలో మూర్ఛ అన్న మాట జోలికి మాత్రం పోకండి, దాన్ని ఇప్పుడు చాలామంది ఫిట్స్ అన్న అర్థంలోనే తీసుకుంటున్నారు.


ప్రశ్నకర్త తిరుగు మాట: అనువాద విద్యార్థిని

అందరికీ ధన్యవాదాలు. సాంఖ్య భాగం వరకు ‘అచేతనం’ అని పెట్టి, మొదటిసారి వచ్చిన చోట ఒక వాక్యంలో వివరణ ఇవ్వాలనుకుంటున్నాను. మాస్టారు హెచ్చరించిన ఫ్రాయిడ్ గందరగోళం ఆ వివరణతో తీరుతుందనుకుంటాను.

ఇంకా రెండు చిక్కులు మిగిలాయి. వ్యాసం చివర వ్యాసకర్త చెట్లను గురించి, ఆ తరువాత మాట్లాడే కంప్యూటర్లను గురించి ప్రస్తావించి, రెండింటికీ ఇన్‌సెంటియంట్ అన్న మాటనే వాడారు. అక్కడ కూడా అచేతనమే రాయాలా? జడం అంటే తప్పా?


సమాధానం: ప్రూఫ్ రీడర్

చెట్టు దగ్గర మీ వ్యాసకర్త ఆధునిక ఇంగ్లీషు అర్థంలోకి జారుకున్నారని నా అనుమానం. భారతీయ సంప్రదాయంలో చెట్టును అచేతనం అనడం అంత తేలిక కాదు. మనుస్మృతి మొదటి అధ్యాయంలో స్థావరాల గురించి ‘అంతఃసంజ్ఞా భవంత్యేతే సుఖదుఃఖసమన్వితాః’ అని ఉంది, అంటే లోపల ఎరుక కలవి, సుఖదుఃఖాలు కలవి. జైనులు వాటిని స్పర్శ ఒక్కటే ఉన్న ఏకేంద్రియ జీవులన్నారు, పైగా మట్టినీ నీటినీ దేహంగా చేసుకున్న జీవాలను కూడా ఆ లెక్కలో చేర్చారు. కాబట్టి సాంఖ్యం మీది వ్యాసంలో ‘చెట్టు అచేతనం’ అని తెలుగులో రాస్తే, పాఠకుడు అది సాంఖ్యుల మతమే అనుకుంటాడు. వ్యాసకర్త చెబుతున్నది నేటి శాస్త్రజ్ఞుల మాట అయితే, ‘చెట్టుకు ప్రాణం ఉంది గాని బాధ తెలిసే శక్తి లేదని శాస్త్రజ్ఞులు అంటారు’ అని విప్పి రాయడమే మేలు.

జడం అన్న మాట మీద మీ సందేహానికి రెండు వైపులున్నాయి. మనిషికి అంటగట్టినప్పుడు అది మందబుద్ధి అవుతుంది. భాగవతం పంచమ స్కంధంలోని జడభరతుడి కథ ఆ అర్థంతోనే ఆడుకుంటుంది, రహూగణుడి పల్లకి మోసిన ఆ ‘జడుడు’ రాజుకే తత్త్వం బోధించాడు. కానీ వస్తువుకు అంటగట్టినప్పుడు జడం కచ్చితమైన పారిభాషిక పదం. తెలుగు వ్యాకరణంలో కూడా దీనికి ఒక పీట ఉంది. జడవాచకాల తరువాత ద్వితీయా విభక్తికి బదులు ప్రథమ రావచ్చునని చిన్నయసూరి బాలవ్యాకరణం చెబుతుంది. ‘చెట్టు నరికాడు’ అంటాం, ‘చెట్టును నరికాడు’ అనీ అంటాం, రెండూ చెల్లుతాయి. ‘దొంగను పట్టుకున్నారు’ అనవలసిందే గాని ‘దొంగ పట్టుకున్నారు’ అనలేము. మనువు ఏమన్నా, తెలుగు విభక్తి దృష్టిలో చెట్టు జడం వైపే ఉంది. ఇందులో ఒక విడ్డూరం కూడా ఉంది: పెరట్లో తిరుగుతున్నంతసేపు ‘కోడిని తోలు’ అంటాం, పండగ పూట ‘కోడి కోశారు’ అంటాం. వంటింటి వైపు నడిచేటప్పటికి దాని విభక్తి రాలిపోతుంది.

ఇంగ్లీషులో ఈ గీత ఇప్పుడు చట్టాలలోకి ఎక్కింది కనుక, మీ వ్యాసకర్త చివరి భాగంలో ఆ మాటను ఎందుకు అంత బరువుగా వాడారో గ్రహించవచ్చు. 1789లో ఆంగ్ల తత్త్వవేత్త బెంథాం జంతువుల గురించి, అవి తర్కించగలవా, మాట్లాడగలవా అన్నది కాదు, బాధపడగలవా అన్నదే ప్రశ్న అన్నాడు. 2009లో అమలులోకి వచ్చిన లిస్బన్ ఒప్పందం యూరోపు సమాఖ్యలో జంతువులను సెంటియంట్ ప్రాణులుగా గుర్తించింది. బ్రిటన్ 2022లో చేసిన జంతు సంక్షేమ చట్టం పేరులోనే ‘సెంటియన్స్’ అన్న మాట ఉంది. వెన్నెముక ఉన్న జంతువులతో పాటు ఆక్టోపస్ జాతినీ, పీతలూ రొయ్యలూ చేరిన పది కాళ్ల జాతినీ కూడా అది లెక్కలోకి తీసుకుంది. ఆ నిర్వచనం చదివితే భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో పెరిగే రొయ్య కూడా ఇన్‌సెంటియంట్ కాదు. ఈ సందర్భాలన్నిటిలోనూ మాటకు పునాది బాధ, సుఖం, అంతే. పురుషుడూ సాక్షీ ఇక్కడ లేరు. అందువల్ల ఈ అర్థంలో వచ్చిన చోట ‘బాధ ఎరుగని’ అనో ‘అనుభూతి లేని’ అనో రాయండి, అచేతనం అక్కడ అతకదు.

కంప్యూటరు సంగతి కొంచెం వేరు. 2022లో గూగుల్ ఇంజనీరు ఒకరు తాను పరీక్షిస్తున్న సంభాషణ యంత్రం సెంటియంట్ అయిందని ప్రకటించినప్పుడు, ఆ సంస్థ దాన్ని ఒప్పుకోలేదు, ఎక్కువమంది నిపుణులూ ఒప్పుకోలేదు. ఆ వివాదం తరువాత పత్రికల్లో ఈ మాట బాగా వ్యాపించింది, తెలుగు పత్రికలు ‘స్పృహ’, ‘చైతన్యం’, ‘భావోద్వేగాలు’ అని తలా ఒకటి రాశాయి. ‘స్పృహ లేని యంత్రం’ అంటే మీరు మొదట్లో చెప్పిన నీళ్లు చల్లే చిక్కే వస్తుంది. ‘జడ యంత్రం’ అంటే మాట్లాడే యంత్రం దగ్గర పాఠకుడు ఒప్పుకోడు. అయితే మీ వ్యాసకర్త ఆ కంప్యూటరును సాంఖ్యుల బుద్ధితో పోలుస్తున్నట్టయితే, అంటే ఆలోచన వంటిది సాగుతూ ఉన్నా వెనుక సాక్షి లేనిదన్న అర్థంలో చెబుతున్నట్టయితే, అక్కడ అచేతనం అన్న మాటనే తిరిగి తీసుకురావాలి, లేకపోతే ఆ పోలిక పాఠకుడికి అందదు. అలాంటి పోలిక ఏదీ లేకుండా ఊరికే ప్రస్తావించి వదిలేస్తే, ‘అనుభూతి లేని యంత్రం’ అని రాసి ముందుకు సాగండి. వీలయితే ఆ చివరి పేరా ఇంగ్లీషు వాక్యాలను తెలుగు లిపిలో ఇక్కడ పెట్టండి, ఏ అర్థంలో వాడారో వాటిని చూస్తే చెప్పవచ్చు.